ఆక్సిడెంటు కంటే చిన్న మాట

ఆ వయసులో నాకు కష్టాలు పెద్దగా లేవు గానీ, కష్టాలకు ఇంగ్లీషులో ఉన్న పేర్లు మాత్రం చాలా తెలుసు. బడిలో చదివింది హిందీ మీడియం. తెలుగు తాతయ్య పలక మీద దిద్దించాడు. ఇంగ్లీషు మాత్రం ఎవరూ నేర్పలేదు, భిలాయిలో ఒక లైబ్రరీ రీడింగ్ రూములో కూర్చుని నేనే సంపాదించుకున్నాను. (ఈ మాట ఇప్పటికీ కాస్త తల ఎత్తుకునే రాస్తున్నాను, క్షమించాలి.) దగ్గర దగ్గర అర్థాలున్న మాటలన్నీ ఒకచోట చేర్చిన లావుపాటి పుస్తకం ఒకటి అక్కడ ఉండేది. ఇంటికి ఇవ్వరు. అందుకని ఆదివారం వస్తే చాలు, మా ఇల్లున్న వైశాలి నగర్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, పొడుగు నోటుబుక్కులోకి ఎత్తి రాసుకునేదాన్ని. ఆనందానికి ఒక పేజీ కూడా నిండలేదు. కష్టానికి మూడు పేజీలు పట్టాయి. పాపం ఇంగ్లీషువాళ్లు, ఎన్ని పడ్డారో అని జాలి కూడా వేసింది.

అందులో ఒక్కో మాటది ఒక్కో బరువు. ట్రబుల్ అంటే కుళాయిలో ఒక పూట నీళ్లు రాకపోవడం. హార్డ్‌షిప్ అంటే వేసవి అంతా రాకపోవడం. అడ్వర్సిటీలో కాలం ఎదురు తిరుగుతుంది గానీ, మనిషి నిలబడతాడేమోనన్న ఆశ కూడా ఒక మూల ఉంటుంది. కెలామిటీ ఒక్కరికి చాలదు, దానికి ఊరంతా కావాలి. మిస్‌హాప్ చేతిలోంచి గ్లాసు జారడం లాంటిది, మిస్‌ఫార్చూన్ తలరాత. ఇవన్నీ ముందు ఇంట్లో వాడి చూసేదాన్ని. ఒకరోజు అన్నం సగం ఉడికాక గ్యాసు అయిపోయి, ఏటి కష్టాలో అని అమ్మ నిట్టూరిస్తే, ఇది కష్టం కాదమ్మా, ఇన్‌కన్వీనియన్స్ అని సరిదిద్దాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "అయితే దాన్నే తిను" అంది.

ఈ చదువు చూసే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చారని అనుకునేదాన్ని. (టైపు వచ్చు కాబట్టి ఇచ్చారు.) అది ఊళ్లోని పెద్ద స్టీలు ప్లాంటుకు ఇనుప ఫ్రేములు చేసిపెట్టే ఒక చిన్న ప్రైవేటు వర్క్‌షాపు. అక్కడి హెడ్ క్లర్కుని అందరూ బడే బాబు అనేవారు. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో రాసే నల్లబోర్డు ఒకటి గేటు దగ్గర ఉండేది. బడే బాబు రోజూ పొద్దున్నే చేతులు కడుక్కుని, పాత అంకె తుడిచి, కొత్త అంకె వేసేవాడు. పూజలో బొట్టు పెట్టినంత శ్రద్ధ. ఏడాది నిండితే మనిషికో ప్రెషర్ కుక్కర్ ఇస్తానని యజమాని మాటిచ్చాడు. నమూనాకి ఒక కుక్కర్ తెప్పించి ఆఫీసు బీరువా మీద పెట్టారు. హాజరు వెయ్యడానికి వచ్చినవాళ్లు దాన్ని ఒకసారి తాకి వెళ్లేవారు.

ఏడాదికి ఇంకా పదకొండు రోజులున్నాయనగా, క్రేను దగ్గరికి ఎక్కే ఇనుప మెట్టు విరిగి బాబాయి పడ్డాడు. బాబాయి అంటే సొంత బాబాయి కాదు, మా వీధి చివర ఉండే మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. క్రేనుకి సామాను కట్టి పంపడం ఆయన పని. కట్టిన తాడుని రెండుసార్లు లాగి చూస్తే గానీ క్రేను నడిపేవాడికి చెయ్యి ఊపడు. అలాంటి మనిషికి మోకాలి కింద ఎముక విరిగింది.

ఆ సాయంత్రం బడే బాబు రిజిస్టరు తెరిచి నన్ను పిలిచాడు. ఆక్సిడెంటు అని రాస్తే బోర్డు మీద సున్నా పడుతుంది, క్రేను ఆపి ఆ మెట్ల వరస అంతా విప్పి కొత్తగా వెయ్యాలి. ఇంకేదైనా రాస్తే ఆ విరిగిన ఒక్కదానికే అతుకు వేసి ఫైలు మూసెయ్యొచ్చు. బేటీ, నీకు ఇంత ఇంగ్లీషు వచ్చు కదా, ఆక్సిడెంటు కంటే చిన్న మాట ఒకటి వెతికి పెట్టు అని హిందీలో మెల్లగా అడిగాడు. నా ఒళ్లు పులకరించింది. నోటుబుక్కుని ఒక ఆఫీసు అడగడం అదే మొదలు. (కాలు విరిగిన మనిషి ఆ క్షణాన గుర్తు రాలేదని ఒప్పుకోవాలి.) ఆదివారం పొద్దుట నుంచి లైబ్రరీ మూసేదాకా కూర్చున్నాను. మిస్‌హాప్ మరీ తేలిక, కాలు విరిగితే ఆనదు. డిజాస్టర్ అన్న మాట పుట్టుకలోనే నక్షత్రం ఉందట, కానీ ఆ నక్షత్రం మా షెడ్డులో పట్టదు. చివరికి మిస్‌ఫార్చూన్ తేలింది. బడే బాబు దాన్ని రెండుసార్లు పలికి చూసుకుని, ఇందులో ఎవరి తప్పూ ఉండదు కదా అన్నాడు. పైనున్న దేవుడిది తప్ప ఎవరిదీ ఉండదన్నాను. పైవాడిని ఎవరూ సంజాయిషీ అడగరని ఆయనకి ధైర్యం వచ్చింది. ఇక పడ్డవాడి సంతకం ఒకటే తక్కువ.

కాగితమూ నోటుబుక్కూ పట్టుకుని నేనే వెళ్లాను. బాబాయి మంచం మీద పిండికట్టు కాలు చాపుకుని ఉన్నాడు. పిన్ని టీ ఇచ్చింది. కాగితంలో ఏం రాశారని బాబాయి అడిగితే, ఆ ఒక్క మాటా చెప్పి ఊరుకోవచ్చు కదా, మూడు పేజీలూ తెరిచాను. ట్రబుల్ దగ్గర మొదలుపెట్టి, దేని బరువెంతో, ఏది ఎవరికి తగులుతుందో ఉదాహరణలతో చెప్పుకుంటూ వచ్చాను. ఆయన కళ్లు మూసుకుని, మధ్యమధ్యలో ఊ కొడుతూ విన్నాడు. కెలామిటీ దగ్గర మాత్రం ఆపి, ఇంకోసారి చదవమన్నాడు. వినడానికి బాగుందట.

అంతా అయ్యాక అడిగాడు. "మరి నాది ఏటమ్మా?"

"మిస్‌ఫార్చూన్ బాబాయ్. అంటే మన చేతిలో లేనిది, దేవుడు చేసింది."

బాబాయి కాసేపు కాలి వంక చూసుకున్నాడు. "ఆ మెట్టు దేవుడు ఎయ్యలేదు గదా తల్లీ. మన ఎల్డింగోడు ఏసినాడు. అయి ఊగుతన్నాయని నాలుగు నెల్ల బట్టీ నానే సెప్తన్నాను. ఆపగలిగుండీ ఆపనిదానికి నీ బుక్కులో ఏటీ మాట లేదా?"

మూడు పేజీలూ ముందుకీ వెనక్కీ తిప్పాను. నక్షత్రాలున్నాయి, అదృష్టాలున్నాయి, విధి ఉంది. ఊగే మెట్టు ఎక్కడా లేదు.

ఈలోగా పిన్నికి సంగతి అర్థమైంది. "అయితే సున్నా పెట్టెత్తారా? కాలూ పోయి కుక్కరూ పోతాదేటి?" అంది.

"కాలు అతుక్కుంటాది," అన్నాడు బాబాయి. "ఒక్క మెట్టుకి అతుకేసి వదిలేత్తే పక్కది ఇరుగుద్ది. రేపు ఇంకోడు పడతాడు. మాటేటీ ఒద్దమ్మా. అయి ఊగుతన్నాయని సెప్పినాను, బాగు సెయ్యలేదు, ఇరిగింది, పడ్డాను. అదే రాయి."

రాశాను. నా జన్మలో అంత చిన్న ఇంగ్లీషు ఎప్పుడూ రాయలేదు. నాలుగు వాక్యాలు, అన్నీ చిన్నపిల్లల వాచకంలో ఉండే మాటలే. బాబాయి కింద సంతకం పెట్టి, తాడు లాగి చూసినట్టే కాగితాన్ని రెండుసార్లు చూసి ఇచ్చాడు. మర్నాడు దాన్ని బడే బాబు ముందు పెట్టేటప్పుడు, ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయిందన్న సంగతి గుర్తొచ్చింది. ఆయన దాన్ని మొదటి నుంచి మళ్లీ చదివాడు. మెట్లు ఊగుతున్నాయని బాబాయి మొరపెట్టుకున్నది తనతోనేనని ఆయనకి తెలుసు. చివరికి రిజిస్టరులో ఆక్సిడెంటు అని తన చేత్తోనే రాసి, బయటికి వెళ్లి, బోర్డు తుడిచి, అదే గుండ్రటి చేతిరాతతో సున్నా వేశాడు. ఆ రోజు ఆయన మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

మధ్యాహ్నానికి బీరువా మీది కుక్కర్ సుపేలా బజారులోని కొట్టుకి ఆటోలో తిరిగి వెళ్లిపోయింది. పెళ్లికూతుర్ని పంపినట్టు అందరూ గేటు దాకా వచ్చి నిలబడ్డారు. వారం రోజులు నన్ను భోజనానికి ఎవరూ పిలవలేదు. (మా అమ్మ కూడా రెండు రోజులు ముభావంగానే ఉంది.) క్రేను మాత్రం మూడు రోజులు ఆగింది. విప్పి చూస్తే ఇంకో రెండు మెట్లు చేతికి ఊడి వచ్చాయి. అప్పుడు గానీ ఎవరూ కుక్కర్ మాట ఎత్తడం మానలేదు.

వానలు వెళ్లాక బాబాయి మళ్లీ పనిలోకి వచ్చాడు. కొంచెం కుంటుతూ తిన్నగా క్రేను దగ్గరికి వెళ్లి, కొత్త మెట్ల మీద ఒక్కో కాలే మోపి చూసుకుంటూ ఎక్కాడు. నేను కాగితాలు పట్టుకుని అటుగా పోతుంటే పైనుంచి పిలిచాడు.

"ఎక్కి సూడమ్మా. నువ్వు రాసిన మెట్లే గదా."

చున్నీ నడుముకి చుట్టుకుని, కాగితాలు చంకలో పెట్టుకుని ఎక్కాను. పైన నాకు పనేమీ లేదు. అక్కడి నుంచి షెడ్డు, గేటు, బోర్డు కనిపించాయి. అంకె ఎంతో అంత దూరానికి తెలియలేదు. ఇంగ్లీషు అంతా తనకే వచ్చుననుకున్న ఆ పిల్ల అక్కడ కాసేపు నిలబడి, కమ్మీ గట్టిగా పట్టుకుని మెల్లగా కిందికి దిగింది.