తెల్వదనే డాక్టరమ్మ

వనపర్తి దవాఖానలో గడ్డలు కోసే డాక్టరమ్మ నోట నేను ఎక్కువగా విన్న మాట "తెల్వదు". అంత చదువుకుని అంత ధైర్యంగా ఆ మాట అనే మనిషిని మరొకర్ని చూడలేదు. నాకైతే ఏమీ తెలియకపోయినా అన్నీ తెలుసు.

నా మెడ పక్కన గడ్డలు లేస్తే మా మేనత్త సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. నెల దాటినా తగ్గక, ఆ అలంకారంతోనే దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ తడిదూదితో ఓపికగా అంతా తుడిచి, గడ్డలను వేళ్లతో తడిమింది.

"క్యాన్సరా మేడం?"

"తెల్వదు."

"టీబీనా?"

"అదీ తెల్వదు. పైనుంచి తడిమితే చెప్పరాదు. ఒక గడ్డ తీసి పరీక్షకు పంపుదం, అదే చెప్తది."

"అందాజుగనైనా చెప్పుండ్రి, జర ధైర్యముంటది."

"అందాజుకు మీ అత్త సున్నం పెట్టింది గద!"

మత్తుసూది ఇచ్చి ఒక గడ్డ తీసింది. రిపోర్టు వచ్చేదాకా నేను ఇంట్లో కూర్చుని, దండ వేస్తే ఏ ఫోటో బాగుంటుందో వెతుక్కున్నాను.

రిపోర్టు వచ్చిన రోజు దవాఖానకు వెళ్తే, డాక్టరమ్మ అది చదివి కళ్లద్దాలు తీసింది. "తెలిసింది. టీబీ. ఆరు నెలలు మందులు మింగాలె, ఒక్క రోజు తప్పొద్దు."

సంతోషం పట్టలేక బయటికి ఉరికి మైసూర్‌పాక్ తెచ్చాను.

"టీబీకి మిఠాయి పంచినోళ్లను ఇప్పుడే చూస్తున్న," అంటూ ఒక ముక్క తీసుకుంది.

"బాగున్నదా మేడం?"

"ఆగుండ్రి, కొరికినంక చెప్త."