పైవాళ్ళింటి గాలి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. సూక్ష్మజీవశాస్త్రంలో బి.ఎస్సీ. పూర్తిచేసి, ఉద్యోగం రాక బిలాస్‌పూర్‌లో ఇంట్లోనే కూర్చున్న ఆడపిల్లకి అంతకన్నా ఎక్కువ జ్ఞానం మంచిది కూడా కాదు. సరిగ్గా ఆ వానాకాలమే మా రైల్వే క్వార్టర్ పడకగది గోడకి నల్లటి బూజు పట్టింది. అలమారా వెనక అరచేయంత మొదలై, రాఖీ పండగ నాటికి పైకప్పు దాకా పాకి, అమ్మ పట్టుచీరలకి కూడా తన వాసన అంటించింది. అమ్మకి అసలే ఆయాసం. ఆ గదిలో పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. పడుకోలేక లేచి గోడకి ఆనుకుని కూర్చునేది (మళ్ళీ ఆ గోడకే!).

కారణం ఇంటిల్లిపాదికీ తెలుసు. పై క్వార్టర్ బాత్రూం గొట్టం కారుతోంది. అయితే అందులో ఉండేది నాన్నగారి సూపర్‌వైజరు. ఆయన రైలింజన్ల షెడ్డులోనూ నాన్నకి పైనే, ఇంట్లోనూ పైనే. ఒక్క మాట చెప్పమని అమ్మ అడిగినప్పుడల్లా నాన్న, "అచ్ఛా అచ్ఛా, చూద్దాంలే. పైవోళ్ళతో మనకి గొడవలేటి?" అని డ్యూటీకి వెళ్ళిపోయేవారు.

నోటిమాట చెల్లనిచోట శాస్త్రం చెల్లుతుందనుకుని మా లెక్చరర్‌కి ఫోన్ చేశాను. "కంటికి కనిపిస్తున్న బూజుకి పరీక్షెందుకమ్మా? నీళ్ళు ఆపించి గోడ ఆరనివ్వు" అన్నారావిడ. ఆవిడకి శాస్త్రం మీద గౌరవం తగ్గిందని జాలిపడి, ఆన్‌లైన్లో పరీక్ష పళ్ళేలు తెప్పించాను. మూత తీసి గదిలో పెడితే గాలిలోని బూజు కణాలు అందులోని జెల్లీ మీద వాలి మొలకెత్తుతాయి. ఒకటి మా పడకగదిలో పెట్టి, పోల్చి చూడటానికి ఇంకోటి పైకి పట్టుకెళ్ళాను.

"ఏటే ఇది, జున్నా?" అంది పైనింటి అత్తయ్య.

"గాలి పరీక్ష అత్తయ్యా. గంటాగి మూత పెట్టెయ్యండి."

"మా గాలికేటి రోగం! పెట్టుకో."

పాపం, పిల్ల పరీక్ష బాగా రావాలని ఆవిడ దాన్ని వంటింట్లో ఉల్లిపాయల బుట్ట పక్కన మర్నాటిదాకా తెరిచే ఉంచిందట.

వారం తిరిగేసరికి, గంటకే మూతపెట్టిన మా పళ్ళెంలో ఏవో నాలుగు నీరసపు చుక్కలు వచ్చాయి. వాళ్ళ పళ్ళెంలో మాత్రం ఆకుపచ్చా, నలుపూ, నారింజా కలిసి గొర్రెపిల్లకి వచ్చినంత ఉన్ని! పైవాళ్ళకి చూపిద్దామనుకున్న నా రుజువు కాస్తా తిరగబడింది. నాన్న మొహం వెలిగిపోయింది. "చూసావా, మన గాలే బావుంది!"

అమ్మ పైవాళ్ళ పళ్ళేన్ని కొంగుచాటున పెట్టుకుని, మెట్ల మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటూ పైకెక్కింది. వెనకే నేను.

"వదినా, మా గాలికేటీ లేదంట. మీ ఇంటి గాలే పాడైపోనాదంట. ఆ గొట్టం చెమ్మేమో ఓసారి చూపించుకోండి. మీ మంచికే చెప్తన్నాను."

"ఓలమ్మో! ఇదంతా మేం పీలుస్తన్నామేటి?" అత్తయ్య ముక్కుకి చెంగు అడ్డుపెట్టుకుంది. సూపర్‌వైజరుగారు చేతిలోని టీ కప్పు మీద సాసరు మూతపెట్టారు.

అన్నిగంటలు తెరిచి ఉంచిన పళ్ళెం లెక్కలోకి రాదనీ, ఇలా పెడితే ఎవరింట్లోనైనా ఉన్ని మొలుస్తుందనీ చెప్పబోయాను. అమ్మ నా కాలు తొక్కింది. (బలంగానే.)

రెండు రోజుల్లో గొట్టం మారింది. దీపావళికి ముందు గోడ ఆరితే, గీకి సున్నం వేయించాం. పిల్లికూతలు తగ్గి, అమ్మ చాలాకాలానికి వెల్లకిలా పడుకుంది.

ఇప్పుడు రాయ్‌పూర్‌లో గాలిని పరీక్షించే ల్యాబులోనే నా ఉద్యోగం. నా రిపోర్టుల్లో తప్పు వెతికినా దొరకదు. వాటిని చదివి ప్లంబరు కోసం పరుగెత్తినవాడూ ఇంతవరకు దొరకలేదు. అప్పుడప్పుడు ఆ రోజులు గుర్తొస్తుంటాయి. అమ్మ హాయిగా గురకపెట్టి నిద్రపోతుంటే, పక్కనే కూర్చుని "ఫలితం మాత్రం తప్పే" అని కుమిలిపోయిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ముద్దూ వస్తుంది.