పదకొండుమంది పెంచలయ్యలు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని ఉదయగిరి కొండ సాక్షిగా, నా రిటైర్మెంటు కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

లాక్‌డౌన్ ఎత్తేసిన మరుసటి ఏడు వేసవిలో, ఆత్మకూరులోని మా డేటా కంపెనీ నన్ను సీనియర్ ప్రోగ్రామరుగా ఉదయగిరి బ్రాంచికి వేసింది. బ్రాంచి అంటే మేడమీద ఒక గది, ఆరు కంప్యూటర్లు. పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుంటున్న ఆపరేటర్ల సందేహాలు తీర్చడం నా పని. రోజూ అవే ప్రశ్నలు. రెండుకంటే పది ముందెందుకు వస్తోంది? అంకెలను మాటల్లాగా చదివించావు గనక. ఫైలులో పాతదంతా ఏమైంది? చేర్చమనకుండా రాయమన్నావు గనక తుడిచేసింది.

సోమశిల రిజర్వాయరులో చేపలు పట్టేవాళ్ళ సంఘమొకటి తన సభ్యుల జాబితాను శుభ్రం చేయమని మాకిచ్చింది. అందులో పేరుంటేనే ఆ ఏడు వల వేయడానికి లైసెన్సు. ఆ పని చేసే ప్రోగ్రాం, అదే స్క్రిప్టు, రాసింది ఖాదర్ భాయ్. మా ఆపరేటర్లలో ఒకడు, నాకంటే పెద్దవాడు, పాతకాలపు టైపిస్టు. జాబితా అచ్చయి సోమశిలలో గోడకెక్కింది.

రెండోరోజు పొద్దున్నే ఒకాయన మెట్లెక్కి వచ్చాడు.

"నా పేరు లేదంట సార్."

"నీ పేరేంది?"

"పెంచలయ్య."

చూశాను. "ఉండాది కదయ్యా."

"అది మా చిన్నాయన కొడుకు. తండ్రి పేరు చూడు."

ఆయన వెనకాల ఇంకొకాయన. పేరడిగితే పెంచలయ్య. ఆ వెనకాయనా పెంచలయ్యే. మెట్ల కింది దాకా వరసలో నిలబడ్డ పదిమందిదీ అదే పేరు, అదే ఇంటిపేరు.

స్క్రిప్టు తెరిచాను. సభ్యులను పేరు పెట్టి డిక్షనరీలో దాచారు. డిక్షనరీ అంటే గోడకు కొట్టిన కొక్కేల వరస. పేరుకొక కొక్కెం. అదే పేరుతో రెండో చొక్కా తగిలిస్తే మొదటిది మాయమవుతుంది. తప్పని యంత్రం చెప్పదు. పెంచలకోన దేవుడికి మొక్కుకుని కొడుక్కి ఆయన పేరు పెట్టుకోని ఇల్లు లేని చోట, పదిమంది చప్పుడు లేకుండా మాయమయ్యారు. చివరికి మిగిలినవాడొక్కడే.

వరసలోని పెద్దాయన నిదానంగా అన్నాడు. "డ్యాము మా ఊరిని ముంచింది. ఇప్పుడు మీ మిషను మమ్మల్ని ముంచిందా? ఏంది ఖాదర్ భాయ్, మా చేపలు తింటా మమ్మల్నే మింగినావే."

ఖాదర్ భాయ్ తల వంచుకున్నాడు.

ఆత్మకూరులో మత్స్యశాఖ ఆఫీసరు జాబితా మీద సంతకం పెట్టేది ఆ సాయంత్రం అయిదింటికే. కొక్కేనికి పేరు తీసేసి సభ్యత్వ నంబరు పెట్టి మళ్ళీ నడిపాను. పదకొండుమందీ వచ్చారు. ఖాదర్ భాయ్ కాగితాలు సంచిలో పెట్టుకుని బండిమీద ఆత్మకూరుకు పోయాడు. అయిదుకు పది నిమిషాల ముందు ఇచ్చినట్టు ఫోను చేశాడు.

ఇక ఒప్పుకోలు. పదకొండుమంది నా కల్పన అని మీరనుకునుంటారు. కాదు, అందరూ ఉన్నారు. నేను కల్పించింది ఒక్కటే. ఆ స్క్రిప్టు ఖాదర్ భాయ్ రాయలేదు, నేనే రాశాను. ఆయన ముందే అడిగాడు కూడా: "సార్, ఒకే పేరుతో ఇద్దరుంటే ఏమవతాది?" ఇంటిపేరు ఉంది కదా, పోయి పని చూసుకోమన్నాను. పెద్దాయన వేసిన నిందను కూడా ఆయన మీదే ఉండనిచ్చాను.

మనిషిని పేరుతో కాదు, నంబరుతో దాచాలి. సందేహాలు తీర్చడానికి జీతం తీసుకునేవాడు అడిగిన సందేహాన్ని పూర్తిగా వినాలి.