మక్కచేలో బండి లైటు

"ఎర్రది వద్దు తమ్మీ, ఎర్రది అసలే వద్దు. ఎర్రగ కనవడ్తె ముందల ఇంకో బండి పోతుందనుకొని ఎనకొచ్చెటోడు అట్లనే వస్తడు. ఆగిన బండని వానికెట్ల ఎరుక? పసుప్పచ్చగ ఉండాలె, నిమ్మళంగ కొట్టుకోవాలె. చూసినోడు 'ఏంది గిది' అని యాక్సిలేటర్ మీదికెల్లి కాలు తియ్యాలె."

స్తెఫను మాట్లాడుతూనే బకెట్లో చేయి పెట్టి ఒక గుండ్రటి లైటు పైకి తీశాడు. వానకు తట్టుకుంటుందో లేదో చూద్దామని పొద్దున్నుంచి దాన్ని ఆ నీళ్లలో నానేశాడు. మీట నొక్కితే ఒక్కసారి మినుకుమని ఆరిపోయింది. అద్దం కింద నీటి బుడగ అటూ ఇటూ కదిలింది.

"ఇది గూడ పాయె," అని దాన్ని అరుగు మీద పక్కకు నెట్టాడు. కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేనట్టు, నడుం పట్టుకొని గోడకు జారగిలబడ్డాడు.

నారాయణఖేడ్ నుంచి మనూర్ వెళ్లే దారిలో, ఊరి చివర ఆయన ఇల్లు. ఇంటి ముందు తూఫాన్ జీపు. సిర్గాపూర్ చుట్టుపక్కల పల్లెల నుంచి హైదరాబాద్‌కు కూలికి వెళ్లేవాళ్లను అందులో దింపి రావడం ఆయన పని. మీసాలు రాని వయసులో స్టీరింగు పట్టాడట. అప్పట్లో తల్లి ఒళ్లో కూర్చొని వెళ్లిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఒళ్లో పెట్టుకొని అదే తోవన పోతున్నారు. "తీస్కపోతున్న, తెస్తున్న. బతుకంత గింతే," అంటుంటాడు. మనూర్‌లోని మా ఇంటికి వెళ్తూ నేను అక్కడ ఆగుతుంటాను. ఆయన చెబుతుంటే వినడం నాకిష్టం.

ఆ రోజు మాత్రం ఆయనకు వేరే చింత. మర్నాడు కోడి కూసే వేళకు జీపు బయలుదేరాలి. మిగతా కూలీలతో పాటు కూతురు రోజ కూడా ఎక్కుతుంది. హైదరాబాద్‌లో బట్టల దుకాణంలో పని ఆమెకు. కానీ జీపు తాళంచెవి భార్య రిబ్కమ్మ కొంగున ఉంది. సరైన లైటు బండి సామాన్ల డబ్బాలో పడేదాకా ముడి విప్పనని కూర్చుంది.

"చాబీ నేను తింటనా?" లోపలి నుంచి రిబ్కమ్మ అంది. "మంచి లైటు పెట్టు, చాబీ పట్టు. నా పిల్లను ఎక్కించుకొని మల్ల రాళ్లు పెడ్తవా, కొమ్మలు పెడ్తవా?"

స్తెఫను కళ్లు మూసుకున్నాడు. ఆ మాట ఎందుకు పడిందో నెమ్మదిగా చెప్పాడు.

వానలు మొదలైన కొత్తల్లో, జోగిపేట దిక్కు పోయే రోడ్డు మీద, పొద్దుగూకే వేళ, మలుపులో జీపు టైరు పగిలింది. సీటు కింది సామాన్ల డబ్బా తెరిచాడు. జాకీ ఉంది, పానా ఉంది, ఆగిన బండి వెనక హెచ్చరికగా పెట్టే మూడు మూలల రేకు ఉంది. లైటు లేదు. రేకు నిలబెడితే గాలికి ఎగిరి కాలువలో పడింది. ఇక అందరూ చేసే పనే ఆయనా చేశాడు. బండి వెనక నాలుగు రాళ్లు పేర్చి, వేపకొమ్మలు విరిచి పరిచాడు. తమ్ముడు విక్టర్ ఫోన్ వెలుగు ఊపుతూ ఇంకాస్త వెనక నిలబడ్డాడు. వానలో వచ్చిన మోటారు సైకిలతను ఆఖరి క్షణంలో రాళ్లు చూసి పక్కకు తిప్పాడు. బురదలో జారి విక్టర్‌ను గుద్దాడు. తమ్ముడి కాలు విరిగింది.

"కొమ్మ రంగు, మబ్బు రంగు ఒక్కటే అయినయ్ తమ్మీ. వానికేం కనవడ్తది?"

"మరి డబ్బాలో లైటు ఏమైంది?"

స్తెఫను చెయ్యెత్తి రోడ్డవతల చూపించాడు. మాణిక్యప్ప పటేల్ మక్కచేను. మనూర్ తోవ పొడుగునా పచ్చగా నిలబడి ఉంది. చేను నడుమ కర్రకు కట్టి, మెల్లగా వెలిగి ఆరుతూ, ఒక పసుపు వెలుగు.

అడవిపందులు చేనులో పడుతున్నాయని టైరు పగలడానికి ముందు, ఆ వారమే పటేల్ వచ్చి రిబ్కమ్మను అడిగాడట: బండ్ల ఊకెనే ఉన్నది గదా, రెండు దినాలు ఇయ్యిమని. ఇక్కడ బండిలో ఊరికే ఉన్న వస్తువును లేదనడం ఉండదు. స్తెఫను తాడు బర్రెలకు పోతుంది, జాకీ ఎడ్లబండి ఎత్తడానికి పోతుంది, డబ్బా సగం ఎప్పుడూ ఎవరింట్లోనో ఉంటుంది. రిబ్కమ్మ ఇచ్చింది. అది స్తెఫను నీళ్లలో నానబెట్టి, ఎండలో బానెట్ మీద పెట్టి చూసి ఏరుకున్న లైటు. అలాంటిది మళ్లీ దుకాణంలో దొరకలేదు.

"ఛార్జింగుది కొన్న, నెల ఊకుంటె సచ్చింది. ఇంకోటి గతుకుల అయస్కాంతం ఇడిసి టైరు కింద పడ్డది. రోజు వాడే సామానైతె రోజు చూస్కుంటం. ఇది ఎన్నడో ఒకనాడు కావాలె. ఆ ఒక్కనాడు వెలగాలె."

"రోడ్డు దాటితే చేనే కదన్నా. పోయి తెచ్చుకోరాదూ?"

ఆయన చేను వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆనాడు ఫోన్ చేస్తె కారేసుకొని ఉరికొచ్చింది ఎవరనుకున్నవ్? పటేలే. విక్టర్‌ను దవాఖానల ఏసి తెల్లారేదాక బెంచీ మీద కూసున్నడు. డబ్బా ఎందుకు ఖాళీగున్నదో ఆయనకు ఎరుకలేదు. నేను పోయి లైటియ్యి అంటె, ఇప్పుడేం తొందర అంటడు. ఎందుకో చెప్తె ఇగ ఆ మనిషి అన్నం తింటడా?"

రిబ్కమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. కొంగు ముడిని వేళ్లతో నలుపుతోంది. "ఇచ్చింది నేను. అడుగుడు నాతోని గూడ కాదు," అంది.

మిగిలింది ఒక్క లైటు. స్తెఫను లేచి దాన్ని జీపు వెనక అంటించి మీట నొక్కాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ గిర్రున తిరిగాయి. మునిమాపు వేళ వాకిలంతా రంగులే. దారిన పోతున్న ఆటో ఆగింది. దాన్ని నడిపే దశరథ్ తల బయటపెట్టాడు.

"ఏంది స్తెఫనన్నా, ఎవరి బరాత్?"

"నీదే రా. దిగు, గుర్రమెక్కుదువు."

"పిల్లను చూపియ్యరాదే ముందు!"

రిబ్కమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆటో పోయాక స్తెఫను తల అడ్డంగా ఊపాడు. "చూసినవా? భయపడలే, చూడనీకె ఆగిండు. రోడ్డు మీద గిట్లనే చూస్కుంట చూస్కుంట వచ్చి గుద్దుతరు. నీళ్లకు తట్టుకుంది, అయస్కాంతం గట్టిది, సెల్లు ఆగుతది. ఏం లాభం?"

అంతలో గుంజకు కట్టిన బర్రె బుస్సుమంటూ వెనక్కి లాగింది. కళ్లు మిటకరించి, తాడు తెంపుకునేంత పని చేసింది. కోళ్లు ఎప్పుడో చెల్లాచెదురయ్యాయి. స్తెఫను ఆర్పబోయిన చేతిని అలాగే ఆపి బర్రె వైపు చూశాడు.

"ఓ రిబ్కా, మొన్న పటేల్ ఏమన్నడు? పందులు ఆ లైటుకు అలవాటు పడ్డయన్నడు గదా?"

"దాని కిందనే కూసోని తింటున్నయంట," అంది రిబ్కమ్మ.

లైటు ఆరింది. స్తెఫను దాన్ని బండి నుంచి ఊడదీసి, తువ్వాలతో తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"తమ్మీ, పటేల్ ఈ యాళ చేన్లనే ఉంటడు. నువ్వు పో. గిది ఇచ్చి గా పసుప్పచ్చది తీస్కరా. పందులు దీనికి బెదుర్తయని చెప్పు, మా బర్రెనే బెదిరిందని చెప్పు. విక్టర్ కాలు గురించి అడిగితె అతుకుతుందను. ఇంకేం మాట్లాడకు. జల్దీ రా, ఈమె చాబీ ఇయ్యాలె, నేను ఇంత నడుం వాల్చాలె."