వెర్నా ట్యాకెట్ చక్రాలు

వెర్నా ట్యాకెట్ పుట్టింది బొగ్గు గనుల పక్క, కొండల్లో. ముసలిదైంది మాత్రం రోడ్డు మీద. మొగుడు డోయిల్ ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి, ఎక్కడ పైపులు పరుస్తుంటే అక్కడికి తాము కాపురముండే చక్రాల ఇల్లు, ఆ ట్రైలర్‌ను పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని తిరిగేవాడు. ఆమె నాటిన టొమాటో మొక్క కాపుకొచ్చేదాకా ఒక్క చోటా నిలవలేదు. అందుకే అరిజోనా ఎడారిలో, నది ఒడ్డున ఇలాంటి ట్రైలర్ ఇళ్ళు నిలుపుకునే మా పార్కుకు చేరి, చివరికి ఆ ట్రైలర్ చక్రాలు ఊడదీయించిన రోజు ఆమె తాగింది, పాడింది, ఏడ్చింది. డోయిల్ చేసిన ఆఖరి పని అదే. ఆ చలికాలం పోయాడు.

చక్రాలు ఊడదీయడం మా పార్కులో పెళ్ళిలాంటిది. ట్రైలర్‌ను సిమెంటు దిమ్మల మీద కూర్చోబెట్టి, టైర్లకు తెల్లరంగు వేసి గుమ్మం ముందు పడుకోబెడతారు. నడుమ మట్టి పోసి పూలమొక్కలు పెడతారు. ఆ పూట అందరికీ బీరూ, నిప్పుల మీద కాల్చిన మాంసమూ. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు స్థిరపడినవాళ్ళు. చక్రాలున్నవాళ్ళు బాటసారులు. బట్టలుతికే గదిలో ఎవరి వంతు ముందన్నా అదే లెక్క.

ఎదురింటి లైల్ హాస్కిన్స్ చక్రాలు తీయలేదు. నెలకోసారి టైర్లలో గాలి కొట్టేవాడు, ఎండ తగలకుండా వాటికి గుడ్డలు కప్పేవాడు. అది వెర్నాకు వేడుక.

"ఏం లైల్, ఇవాళేనా ప్రయాణం? దారిలో తినడానికేమైనా కట్టివ్వనా?" అని వసారాలోంచి కేకేసేది. ఏళ్ళ తరబడి అదే మాట. లైల్ భార్యను ఆస్పత్రికి ఎక్కిస్తున్న రోజు కూడా కేకేసింది. తెలియక అంది అనుకుందాం. ఆ భార్య మళ్ళీ తిరిగి రాలేదు. లైల్ మాత్రం గాలి కొట్టుకుంటూనే ఉన్నాడు.

నిరుడు వేసవిలో పార్కు చేతులు మారింది. ముప్పై ఏళ్ళు దాటిన ట్రైలర్లు కంటికి అసహ్యంగా ఉన్నాయనీ, నెలాఖరు మధ్యాహ్నానికి ఖాళీ చేయాలనీ, ఉండిపోయినదాన్ని యంత్రంతో నలిపించి చెత్తలో పడేస్తామనీ కొత్తవాళ్ళు చెప్పారు. అలాంటివి నాలుగైదే ఉన్నాయి. అన్నిటికంటే పాతది వెర్నాది. నదికి అవతల ఉండే చెల్లెలి కొడుకు తన పెరట్లో ట్రైలర్ పెట్టుకోనిస్తానన్నాడు. ట్రైలర్ తెచ్చుకుంటేనే రమ్మన్నాడు, ఇంట్లో మాత్రం జాగా లేదన్నాడు. అంటే ఆమెకు ఇల్లు ఉండాలంటే ఆ డబ్బా కదలాలి.

ముందు ఆమె ట్రక్కులు అద్దెకిచ్చే కొట్టుకు వెళ్ళింది. ట్రైలర్ టైర్లు ఎలా ఉన్నాయని అక్కడి గుమాస్తా అడిగితే, పూలు పూస్తున్నాయంది, నిజమే కనక. అతను నవ్వాపుకోలేక లోపలివాళ్ళను పిలిచి ఆమెతో మళ్ళీ చెప్పించాడు. ట్రక్కు మాత్రం ఇవ్వలేదు. ఆఖరికి రాయిస్ అనే లాగుడు బండివాడు ఒప్పుకున్నాడు, మంచి చక్రాలు బిగించి ఉంటేనే వస్తానని.

మంచి చక్రాలు, ఆ కొలతవి, లైల్ దగ్గరే ఉన్నాయి. ఒక జత ఎప్పుడూ అదనంగా ఉంచేవాడు. వెర్నా పీచ్ పండ్ల రొట్టె కాల్చి పట్టుకుని, మొదటిసారి అతని మెట్టెక్కింది.

"లైల్, నేనన్నవన్నీ నవ్వులాటకే."

"తెలుసు."

"చక్రాలు..."

"ఇస్తాలే. నేనే వచ్చి బిగిస్తా."

మర్నాడు జాకీ పెట్టి ట్రైలర్‌ను లేపి, వీపు మీద పాకుతూ కిందికి దూరాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. పైకప్పు మీది కూలర్ నీళ్ళు ఏళ్ళుగా గోడలోంచి దిగి కింది ఇనుప చట్రం మీదే పడుతున్నాయి. బయటికొచ్చేసరికి జుట్టు నిండా తుప్పు పెచ్చులు. చట్రం ఎలా ఉందని ఆమె అడిగితే, బాగుందన్నాడు. ఆమె అతని చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది.

ఆఖరి రోజు పొద్దున్నే మా పార్కంతా కుర్చీలు తెచ్చుకుంది, చల్లటి టీ కూడా. రాయిస్ బండి దిగి, ఇది కదిలి ఎన్నాళ్ళయిందని అడిగాడు. మా ఆయన బతికుండగా, అంది వెర్నా.

"కింద ఎవరైనా చూశారా మేడమ్?"

"లైల్ చూశాడు. బాగుందన్నాడు."

రాయిస్ లైల్ వైపు చూశాడు. లైల్ తలూపాడు. చక్రాల సంగతి తెలిసినవాడి మాట కదా, రాయిస్ వంగి చూడలేదు. కొక్కెం తగిలించి, బండిని మెల్లగా ముందుకు పోనిచ్చాడు.

చక్రాలు ఒక్క చుట్టు తిరిగాయి. వెర్నా చప్పట్లు కొట్టింది. అంతలో తడిసిన అట్టపెట్టె చిరిగినట్టు చప్పుడైంది. చట్రం ముందు ముక్క బండితో వెళ్ళిపోయింది. ట్రైలర్ మోకాళ్ళ మీద పడింది. ముందు గోడ ఊడి ఆమె మంచం, మురికి దుప్పటి, మేకుకు వేలాడుతున్న డోయిల్ చొక్కా అందరి కళ్ళ ముందుకొచ్చాయి. ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు.

రాయిస్ ఇనుప ముక్కను విప్పి దారి పక్కన పెట్టాడు. కూలి ముందే తీసుకున్నాడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

లైల్ కుర్చీలోంచి లేచి, జాకీ తెచ్చి, చక్రాల నట్లు విప్పడం మొదలుపెట్టాడు. వెర్నా అతని నెత్తి మీదికొచ్చి నిలబడింది.

"నువ్వు కిందికెళ్ళి చూశావు కదా లైల్."

"చూశా."

"మరి చెప్పలేదేం?"

అతను నట్లు ఒక్కొక్కటే జేబులో వేసుకున్నాడు.

"ఇన్నేళ్ళూ నన్నడిగావు ప్రయాణం ఎప్పుడని. నువ్వెళ్తుంటే చూద్దామనిపించింది."

చక్రాలు దొర్లించుకుంటూ వెళ్ళి, వాటి గుడ్డలు వాటికి కప్పాడు.

మధ్యాహ్నం యంత్రం వచ్చింది. వెర్నా గుమ్మం ముందు తెల్ల టైరు అంచున కూర్చుని ఎండిన పూలు గిల్లుతోంది. అవతలికి లేవమని యంత్రం నడిపేవాడు మర్యాదగానే చెప్పాడు. ఆమె లేచింది. ఆమె లేవడం కోసమే కాచుకున్న మా పార్కువాళ్ళు ఇద్దరు వచ్చి రెండు టైర్లూ లేవనెత్తారు. మట్టి రాలింది, మొక్కలు రాలాయి. మంచి రంగు, ఇంకా పోలేదు అనుకుంటూ తమ గుమ్మాల ముందుకు దొర్లించుకుపోయారు.