వంగినప్పటి కొలత

సైనికులంతా మావా అని పిలిచే దర్జీకి కాలు ఒకచోట నిలవదు. వాళ్లు వీపున మోసే బరువు నడుం మీద పడకుండా తుంటి మీదికి దించే పట్టీలు కుడతాడు. కుట్టిన ప్రతిదీ తనే తొడుక్కుని, వీపున ఇసుక మూట వేసుకుని వర్క్‌షాపంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. రెండు వందల పట్టీలు రేపే బండెక్కాలి. పొద్దున ఒక జవాను పట్టీ తొడుక్కుని గుండ్ల పెట్టెలు మోసి, బాగుందన్నాడు. ఆఫీసరు సంతకం పెట్టి వెళ్లిపోయాడు. దర్జీకి మాత్రం మనసొప్పలేదు. జవాను చొక్కా ఎత్తి చూస్తే నడుం పక్కన తోలు లేచిపోయి ఉంది.

"బాగుందన్నావు కదరా?"

"సారడిగితే ఏదైనా బాగుందనే అంటాం మావా."

దర్జీకి అప్పుడు తట్టింది. టేపు తగలగానే వీళ్లంతా రొమ్ము విరుచుకుని అటెన్షన్‌లో నిలబడతారు. తను ఆ కొలతే రాసుకున్నాడు. బరువెత్తేవాడు వంగుతాడు, వంగితే వీపు నాలుగు వేళ్లు పెరుగుతుంది, పట్టీ చాలక నడుం మీదికి ఎక్కి ఒరుసుకుంటుంది. బ్లేడు తీసుకుని ఆ పట్టీ కుట్లు విప్పేశాడు.

"సంతకం అయిపోయింది కద మావా, రేపే బండి."

"బండి సంగతి నేను చెప్పుకుంటాలే. నువ్వు పెట్టె ఎత్తు, కొలుస్తా."

జవాను వంగాడు. టేపు వీపుకి తగిలిందో లేదో, మళ్లీ నిటారుగా లేచి నిలబడ్డాడు.

"వంగు నాయనా. నేను సారుని కాను, దర్జీని."