గాజుపెట్టెలోని పిల్లకి నాన్న గొంతు

మా తమ్ముడి కూతురు మొన్న మొదటి మాట మాట్లాడింది. అప్పటినుంచీ మా వాళ్లు నన్ను చూస్తే నవ్వుతున్నారు. తప్పెవరిదో విని మీరే తేల్చండి.

ఆ పిల్ల నెలలు నిండకుండానే పుట్టేసింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. మా మరదలు నూకరత్నం అక్కడే ఉండిపోయింది. తమ్ముడు ఎర్రయ్యకేమో భావనపాడు వదిలితే కుదరదు. పడవలు ఒడ్డుకి రాగానే చేపలు వేలం వేసేది వాడే. సముద్రం హోరు మీద కూడా వాడి కేక వినిపిస్తుంది.

ముందే పుట్టిన పిల్లలకి అమ్మానాన్నల గొంతు వినిపిస్తూ ఉంటే ముందుముందు మాటలు రావడానికి సాయపడుతుందని అక్కడి సిస్టరు చెప్పిందట. రోజూ రాలేకపోతే రికార్డు చేసి పంపమని, తక్కువ సౌండులో కాసేపు వినిపిస్తామని అందట. వాడు దిగులుగా నా దగ్గరికొచ్చాడు.

"నా గొంతు తెలీకపోతే రేపు నన్ను సూసి ఎవుడో అనుకుంటాదక్కా."

నేను రాజాంలో జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పిల్లల చేత నోరు విప్పించడం నా ఉద్యోగం. వీడెంత అనుకుని భావనపాడు వెళ్లాను. ఫోను ముందు పెట్టగానే వాడికి చెమటలు పట్టాయి. చాలాసేపు గొంతు సవరించుకుని, కిలోన్నర బరువున్న కూతుర్ని "బాగున్నారా అండీ" అని అడిగాడు. ఆ తర్వాత భోజనం అయిందా అన్నాడు. అంతటితో ఫోను నా చేతిలో పెట్టేశాడు.

అప్పుడు నాకో బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. వీడికి నోరు లేచేది చేపల దగ్గరే కదా. మర్నాడు వేలం అయ్యాక ఖాళీ బుట్టల మధ్య నిలబెట్టి, కూతురెలా ఉందో ఇక్కడ చెప్పమని ఫోను ఆన్ చేశాను. నిజంగానే గొంతు విచ్చుకుంది.

"సిన్నదే గాని వెండిలాగ మెరిసిపోతన్నాది. కిలోన్నర తూగుతాది. ఇలాటిది మన ఒడ్డుకి ఎప్పుడూ రానేదు."

వెనకాల బుట్ట సర్దుకుంటున్న, చేపలు కొనడానికొచ్చిన పోలమ్మత్త తలెత్తకుండానే, "ఇంకా మిగిలిందేట్రా? పాట నాకే కొట్టీ" అంది.

వీడు అలవాటు కొద్దీ "ఒకటోసారి, రెండోసారి" అనేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరే, కూతుర్నే పాటెట్టేస్తావేట్రా? ఒరే, మనిషిలా మాట్లాడరా. ఒరే, నిన్నేరా" అని అందుకున్నాను. కాలేజీలో ఒక పీరియడ్ ఎంతసేపుంటుందో అంతసేపూ తిట్టాను. నాకు ఆయాసం వచ్చి ఆగాక, వాడు ఫోను దగ్గరికి వంగి మెల్లిగా అన్నాడు.

"మీ అత్త అరుస్తాది గాని, బయపడకమ్మా. నాన్నున్నాడు."

ఆ ఒక్క ముక్క ఎంత బాగా చెప్పాడో. ఆ మురిపెంలో మొదటినుంచి వినకుండా మొత్తం నూకరత్నానికి పంపేశాను.

రెండ్రోజులకి ఆవిడ ఫోను చేసింది. నేను తిట్టే దగ్గరికి రాగానే పిల్ల కళ్లు విప్పుతోందట, నాన్న మాటలకి హాయిగా పడుకుంటోందట. ఇంకోటి పంపుతానంటే, "వద్దు వదినా, సిస్టరు కూడా ఇదే బాగుందంటన్నాది" అని పెట్టేసింది. పిల్ల ఇంటికొచ్చేదాకా రోజూ అదే వినిపించారు.

ఇప్పుడు పిల్ల బొద్దుగా తయారైంది. మొదటి మాట అమ్మ అని తల్లికి, నాన్న అని తండ్రికి పందెం. మొన్న నేను వెళ్లిన రోజే, ఎర్రయ్య కంచం ముందు కూర్చున్నాడు. పిల్ల పాకుతూ వచ్చి, వాడి మోకాలు పట్టుకుని నిలబడి, మొహంలోకి చూసి, అచ్చం నా సాగదీతతో "ఒరే" అంది.

నూకరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. అందరూ నా వైపు తిరిగారు. ఎర్రయ్యకి మాత్రం పట్టరాని సంతోషం. పిల్లని ఎత్తుకుని వీధిలోకి పోయి, "నా కూతురు నన్ను గుర్తుపట్టి పిలిసింది" అని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. పిల్ల ప్రతి ఇంటి ముందూ వాణ్ణి మళ్లీ పిలిచి చూపించింది.

ఇన్నేళ్ల సర్వీసులో నా పీరియడ్ పూర్తిగా విన్న స్టూడెంటు ఆ పిల్ల ఒక్కతే.